ఒక్క ‘ఎన్’తో సరిపెట్టిన కాక

మొన్నీమధ్య నేనొక ఫోను కొన్నాను. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పై సగం తెర, కింది సగం బటన్లు. ఇంగ్లీషు అక్షరాలన్నింటినీ పెసరగింజలంత బటన్ల మీద ఎక్కించి వరసగా పేర్చారు. లోకమంతా అద్దం మీద వేలు రాసుకుంటూ తిరుగుతుంటే మీకిదేం చోద్యమండీ అని మా ఆవిడ నవ్వింది. నాకు పౌరుషం వచ్చింది. అద్దం మీద వేలు ఎక్కడ పడుతుందో ఆ దేవుడికే ఎరుక, బటనైతే నొక్కిన సంగతి వేలికి తెలుస్తుంది, పని ఉన్నవాళ్లు వాడేది ఇదేనని పెద్ద ఉపన్యాసం దంచాను. ఆఫీసులో నాకున్న పని ఏపాటిదో ఆవిడకు తెలుసు. పాపం, నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మరునాడు మధ్యాహ్నం ఆవిడ నుంచి మెసేజ్ వచ్చింది, భోంచేశారా అని. నేను కళ్లద్దాలు సర్దుకుని, పక్క టేబుల్ వాళ్లు చూస్తున్నారో లేదో ఓసారి గమనించుకుని, రెండు బొటనవేళ్లూ ఆడించి ఠీవిగా జవాబు కొట్టాను: TINA.

కాసేపటికి ఫోను మోగింది.

“టీనా ఎవరండీ?”

“టీనా కాదే! తిన్న. తిన్నాను అని!”

“తిన్నకి రెండు ఎన్‌లు ఉండాలిగా? ఒక్కటే ఉందేం?”

“మా కాక ఒక్కటే కొట్టేవాడు” అన్నాను, ఆలోచించకుండానే.

మా ఆవిడది విజయవాడ దిక్కు. బాబాయిని కాక అంటారని నేర్చుకోవడానికే ఆమెకు చాలాకాలం పట్టింది. నాకు కాకలెవరూ లేరన్న సంగతి మాత్రం ఆమెకు బాగా తెలుసు. టీనాతో పాటు కాక మీద కూడా అనుమానం పెట్టుకుని ఫోను పెట్టేసింది. నేను ఆ చిన్న బటన్ల వంక చూస్తూ ఉండిపోయాను. ఎన్నో ఏళ్లుగా ఆయన నాకు గుర్తు రాలేదు. గుర్తు పెట్టుకున్నది నా బొటనవేలు. సిగ్గేసింది.

ఆయన నాకు సొంత కాక కాడు. షాద్‌నగర్‌లో నేను కిరాయికున్న ఇంటి ఓనరు. తొంభైలలో, ఆ ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో, ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో నాకు గుమాస్తా పని దొరికింది. చిట్యాల నుంచి రేకు పెట్టె పట్టుకుని దిగాను. ముందటి అర్ర కిరాయికుందని ఎవరో చెబితే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. లోపల సగం గదికి ఉల్లిగడ్డలు ఆరబోసి ఉన్నాయి. మిగతా సగంలో మేకలకు వేసే మేత. నేను పెట్టె దించడానికి చోటు వెతుకుతుంటే, ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుంటూ ఒక పెద్దమనిషి వచ్చి, వీధి చివరి దాకా వినపడే గొంతుతో ఒక్క కేక వేశాడు.

“జరుగు, జరుగు, లోపటికి జరుగు! లోపట జాగున్నది!”

అది ఆయన ఊతపదం. ఎర్రబస్సు కండక్టరు మరి. బస్సులో ఊపిరి తీసుకునే సందు లేకపోయినా సరే, తలుపు దగ్గర వేళ్లాడేవాళ్లను చూస్తే “లోపట జాగున్నది” అనేవాడు. ఆ గొంతులో ఏం మహిమ ఉందో, నిజంగానే ఉందేమో అనుకుని జనం జరిగేవాళ్లు. జరిగితే నిజంగానే కొంచెం చోటు దొరికేది. బస్టాండులో ఆయన “మహబూబ్‌నగర్, మహబూబ్‌నగర్” అని పిలుస్తుంటే వేరే బస్సులో కూచున్నవాళ్లు కూడా దిగొచ్చి ఎక్కేవాళ్లని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు.

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక ఆఠాణ బిళ్ల ఉండేది. అదే, అర్ధరూపాయి. దాంతో బస్సు కడ్డీ మీద కొట్టేవాడు. ఒక్క దెబ్బ కొడితే ఆగు. రెండు కొడితే పోనీ. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోయేది కాదు. అన్నం చాలనిపిస్తే కంచం మీద ఒక్క దెబ్బ. ఇంకా వడ్డించమనడానికి రెండు. నేను స్నానాల గదిలో ఎక్కువసేపుంటే తలుపు మీద ఒకటి కొట్టేవాడు. సబ్బు నురగతోనే ఆగిపోయేవాణ్ణి.

ఆయన భార్యను నేను చిన్నమ్మా అనేవాణ్ణి. ఆమెది ఆత్మకూర్ దిక్కు, గొర్లు కాసుకునే ఇంటి ఆడబిడ్డ. పట్నం దగ్గరి ఊళ్లో కాపురం పెట్టినా రెండు మేకలు లేనిదే ఆమెకు ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. ఒక్క బిడ్డ, ఆ దిక్కే ఇచ్చారు. ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే. వీళ్లిద్దరూ చేసే పని కొట్లాడుకోవడం. పొద్దున లేచింది మొదలు ఆమె ఒక మాట, ఆయన ఒక మాట. గోడ ఇవతల నేను పడుకుని వినేవాణ్ణి. కోపంతో చేసే కొట్లాట కాదది. చాయ తాగినట్టు, బువ్వ తిన్నట్టు, వేళకు జరగాల్సిన పని. ఎవరూ గెలవగా నేను చూడలేదు.

ఇక నా సంగతి. ఆ ఏడు బోనసు రాగానే నాకు తల తిరిగింది. హైదరాబాదు పోయి కోఠిలో ఫుట్‌పాత్ మీద ఒక డిజిటల్ డైరీ కొన్నాను. ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. ఫోను కాదది. మడిస్తే జేబులో పట్టే నల్లటి డబ్బా. తెరిస్తే పైన బూడిదరంగు తెర, కింద ఇంగ్లీషు అక్షరాల బటన్లు. అందులో పేర్లు, ఫోను నంబర్లు దాచుకోవచ్చు. ఏదైనా రాసిపెట్టుకోవచ్చు. లండన్‌లో ఇప్పుడు టైమెంతో చూసుకోవచ్చు. పెద్ద ఆఫీసర్లు వాడతారని అమ్మినవాడు చెప్పాడు. ఆ మాటకే పడిపోయాను.

ఇంటికొచ్చి తెరిచాక తెలిసింది, నాకు ఫోను ఉన్న మనుషులెవరూ తెలియరని. మా ఫ్యాక్టరీ నంబరు ఎక్కించాను. చిట్యాలలో మా నాయినను పిలిచే కిరాణా దుకాణం నంబరు ఎక్కించాను. అక్కడితో నా పరిచయాలు అయిపోయాయి. ఖాళీగా ఉంటే బాగుండదని నా పేరే ఎక్కించుకుని, నంబరు జాగాలో గీత పెట్టాను. అయినా రోజూ ఆఫీసులో నలుగురి మధ్య దాన్ని తెరిచి, నుదురు చిట్లించి, ఏదో వెతికినట్టు నటించి, టప్‌మని మూసేవాణ్ణి. ఒకరోజు మేనేజరు మాట్లాడుతుంటే అది జేబులో కీచుకీచుమంది. అలారం పెట్టడం వచ్చింది కానీ ఆపడం రాలేదు. ఆయన మాట ఆపి, “ఎలుక ఉన్నట్టుంది, చూడండి” అన్నాడు. నా పరువు అక్కడే గంగలో కలిసింది.

ఆ రోజుల్లోనే కాక గొంతు బొంగురుపోయింది. అరిచీ అరిచీ అట్లా అయిందనుకున్నాం. చిన్నమ్మ మిరియాల కషాయం పోసింది. “జర నోరు మూసుకుంటె అదే తక్కువైతది” అని తిట్టింది. తగ్గలేదు. పట్నంలో పెద్ద దవాఖానకు పోతే గొంతులో గడ్డ అన్నారు. కోసి తీశారు. గడ్డతో పాటు మాట కూడా పోయింది. మెడకు తెల్ల దస్తీ కట్టుకుని ఇంటికొచ్చాడు. కొట్లాట ఆగిపోయిన ఆ ఇల్లు నాకే కొత్తగా అనిపించింది. చిన్నమ్మ ఒక మాట అనేది. ఎదురు మాట కోసం ఆగేది. రాకపోతే మేకల దగ్గరికి పోయేది.

ఊళ్లోవాళ్లు చూడటానికొచ్చేవాళ్లు. మాట పోయిందంటే చెవులు కూడా పోయాయనుకున్నారేమో, చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవాళ్లు. ఆయన ఓపిక పట్టి, పట్టి, చివరికి ఆఠాణ బిళ్లతో మంచం పట్టె మీద ఒక్కటి కొట్టేవాడు. వాళ్లకు అర్థమయ్యేది కాదు. పలక ఇస్తే మేకల కొట్టంలోకి విసిరేశాడు, బడిపిల్లగాణ్ణా అన్నట్టు. కాగితం మీద రాస్తే నాకు చదవరాలేదు. జన్మంతా నడిచే బస్సులో నిలబడి రాసిన చెయ్యి అది. నేల మీద కూచుని రాసినా ఆయన అక్షరాలు గుంతల రోడ్డు మీద పోతున్నట్టే ఉండేవి.

ఒక సాయంత్రం, ఆయన్ను కాస్త నవ్విద్దామని నా డిజిటల్ డైరీ చూపించాను. లండన్ టైము చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అంతే, అది మళ్లీ నా చేతికి పూర్తిగా రాలేదు.

టికెట్లు ఒక్కొక్కటే విడదీయడానికి కాక కుడి బొటనవేలి గోరు పొడుగ్గా పెంచేవాడు. ఆ గోరు ఆ బటన్ల కోసమే పెరిగినట్టుంది. నేను నొక్కితే వేలు కింద రెండు అక్షరాలు ఒకేసారి పడేవి. ‘రామ’ అని కొట్టబోతే నాకే అర్థం కాని బూతేదో తయారయ్యేది. ఆయన గోరు మాత్రం టికీ టికీమని పోయేది. రూట్ బోర్డుల మీద చదివిన ఇంగ్లీషు అక్షరాలు, నోటిలోని తెలుగు. రెండూ కలిపి కొట్టేశాడు. మొదట కొట్టిన మాట నాకిప్పటికీ గుర్తు: LOPATA JAGUNADI. ఆ తెర మీద ఇంకా చోటుందని. నేను బిగ్గరగా చదివాను. చిన్నమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది. కాక కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి కానీ, మగవాణ్ణి కదా, బటన్ల గొప్పతనం గురించి ఏదో వాగి కప్పిపుచ్చుకున్నాను.

పేచీ ఎక్కడొచ్చిందంటే, కాకకు ఒక బటను రెండుసార్లు నొక్కడం దండగ అనిపించేది. ఒక ప్రయాణికుడికి రెండు టికెట్లు ఎందుకు చింపాలన్నట్టు చూసేవాడు. అమ్మ ఆయన దగ్గర AMA. అన్న ANA. ఇది ఆంధ్రా దిక్కు మనిషైతే పెద్ద కష్టం కాదు. తిన్నాను, తినను అని పొడుగ్గా అంటారు కాబట్టి ఎట్లాగో తెలిసిపోతుంది. మా దిక్కు మాటలే కత్తిరించినట్టుంటాయి. తిన్న అంటే తిన్నాను. తిన అంటే తినను. మధ్యలో ఉన్నది ఒక్క నకారం. ఆ ఒక్కదాన్నీ కాక మిగిల్చుకున్నాడు.

“తిన్నవా?” అని చిన్నమ్మ అడిగేది.

TINA, అని కొట్టేవాడు.

“తిన అంటున్నడు చిన్నమ్మా.”

“ఎందుకు తినవ్? నేనేమన్న ఇసం పెడుతున్నన్నా?” అని ఆమె అగ్గిమీద గుగ్గిలమయ్యేది. కాక ఆఠాణ బిళ్లతో టకటకా కొట్టి, ఖాళీ కంచం ఎత్తి చూపించేవాడు. ఆయన తిని చెయ్యి కడుక్కుని కూడా కాసేపయింది. ఇంకోరోజు నేను తెలివి మీరి “తిన్న అంటున్నడు” అని చదివితే, ఆమె గిన్నెలు సర్దేసింది. ఆ పూట కాక పస్తు. నా వంక చూసిన చూపుకు నా కడుపు కూడా కాలింది.

చివరికి నేనొక ఉపాయం కనిపెట్టాను. అక్షరాలు కాదు, ఆయన ముఖం చదవాలి. కనుబొమలు పైకి పోతే తిన్న. కిందికి దిగితే తిన. దీన్ని కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మనిషి ముఖం చూసి సంగతి గ్రహించడమనేది మనుషులకు ఎప్పట్నుంచో వచ్చన్న సంగతి నాకు తట్టలేదు.

చిన్నమ్మకు ఏ అక్షరమూ రాదు. అందుకని ఆయన మాటలన్నీ నా నోటిగుండా పోవాల్సిందే. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి రాగానే ఇద్దరూ నా కోసం కాచుకుని ఉండేవాళ్లు. పొద్దంతా దాచిపెట్టిన కొట్లాట నా ముందు పెట్టేవాళ్లు. నాకింకా పెళ్లి కాలేదు. కాకముందే సంసారంలోని తిట్లన్నీ తిన్నాను, తిట్లు మాత్రమే తిన్నాను. కాక కొడతాడు, కూరలో ఉప్పేది, మీ అవ్వగారింటికి పంపినవా అని. నేను మర్యాదస్తుణ్ణి. “కూరలో ఉప్పు కొంచెం తక్కువైనట్టుందట” అని చదివేవాణ్ణి. కాక ఒక్క దెబ్బ కొట్టేవాడు. చిన్నమ్మ కూడా ఊరుకునేది కాదు.

“గట్ల ఆయన అనడు. నాకెర్క లేదా? సక్కగ చదువు!”

అప్పుడు ఉన్నదున్నట్టు చదివేవాణ్ణి. ఆమె కొంగు దోపుకుని నన్నే తిట్టేది. “మా అవ్వగారింటి ఉప్పు తినే గింతోడివైనవ్! ఎన్నడన్న వాళ్లకొక పండు తీస్కపోయినవా?” నేను బిక్కచచ్చి నిలబడితే, కాక మంచం మీద కూచుని భుజాలు ఊగేలా నవ్వేవాడు, చప్పుడు లేకుండా. తన జీవితంలో మొదటిసారి తిట్లు పక్కవాడికి తగులుతున్నాయి మరి.

ఆ డబ్బా మీద ఆయన అభిప్రాయాలు ఆయనకుండేవి. లండన్ ఉండి షాద్‌నగర్ లేకపోవడం తప్పని కొట్టాడు. చీకటి పడితే తెర కనపడకపోవడం తప్పని కొట్టాడు. ఇట్లాంటిది బస్సులో ఉంటే చిల్లర ఎంతివ్వాలో అదే చెప్పేదని మెచ్చుకున్నాడు. పొద్దున లేచి లండన్ టైము చూసి, అక్కడింకా పడుకున్నరు అని నాకు చూపించి తృప్తిపడేవాడు. నేను ఆఫీసులో దాన్ని చూపించుకోలేకపోతున్నానని లోపల బాధపడుతూ, పైకి త్యాగమూర్తిలా తిరిగేవాణ్ణి.

ఏడాది గడిచిందో లేదో, మెడ పక్కన మళ్లీ చిన్న గడ్డ కనిపించింది. ఈసారి కోయనక్కర్లేదు, కొన్ని వారాలు పట్నంలో ఉండి కరెంటు పెట్టించుకోవాలి అన్నారు డాక్టర్లు. రేడియేషన్‌ను మా దిక్కు అట్లాగే అంటారు. పెట్టించుకుంటే బతుకుతాడు, లేకపోతే చెప్పలేమన్నారు. కాక CHALU అని కొట్టాడు. ఇక చాలు. ఆ దవాఖానలో అందరూ తన చెవిలో అరిచినది, గొట్టంతో గంజి పోసినది, ఆయన మరిచిపోలేదు. నేను చెప్పి చూశాను. బిడ్డ, అల్లుడు వచ్చి చెప్పి చూశారు. ఆయన ఆఠాణ బిళ్లతో ఒక్కటి కొట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వాళ్లు వెళ్లిపోయిన సాయంత్రం ముగ్గురమే మిగిలాం. పొద్దు గూట్లో పడుతోంది. చిన్నమ్మ మేకలను కట్టేసి వచ్చి మంచం ముందర నేల మీద కూచుంది. ఆమె తిడుతుందనుకుని నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె తిట్టలేదు. గొంతు పెంచలేదు. అది చూసి నాకు భయమేసింది.

“జర నా దిక్కు సూడు” అంది. “ఇన్నేండ్లల నిన్ను నేనేమన్న అడిగిన్నా? చీర అడిగిన్నా, సొమ్ము అడిగిన్నా? గిదొక్కటి అడుగుతున్న. పట్నం పోదాం. కరెంటు పెట్టిచ్చుకో. నువ్వు పోతె నేను ఎవలితోని కొట్లాడాలె? గీ మేకలతోనా? గీ ఒక్క మాట విను.”

 కాక డబ్బా తెరిచి, గోటితో నాలుగు బటన్లు నొక్కి నాకు అందించాడు. తెర మీద చీకటి. దర్వాజ దగ్గరికి పోయి, మిగిలిన వెలుగులో వంచి చూశాను.

VINA.

విన్నానా? విననా? ఉపాయం ఉంది కదా అని ఆయన ముఖం వంక చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. ఆమె వంక చూస్తున్నాడు. కనుబొమలు పైకీ లేవు, కిందికీ లేవు. ఆమె నా నోటి వంక చూస్తోంది. నేను ధైర్యంగా ఆలోచించి నిర్ణయం తీసుకున్నానని ఇప్పుడు రాసుకుంటే బాగానే ఉంటుంది. నిజమేమిటంటే, ఆమె ముఖం చూస్తూ “విన” అనడానికి నాకు నోరు పెగల్లేదు.

“విన్న అంటున్నడు చిన్నమ్మా.”

ఆమె గబుక్కున లేచింది. దండెం మీది దుప్పటి లాగింది. అటక మీది నుంచి సంచి దించింది. “రెండు చీరలు చాలు నాకు, ఆయనకు జొన్న గటక ఆడ ఎవలు చేస్తరు, పిండి తీస్కపోవాలె, మేకలను పక్కింటామె చూస్కుంటది” అని తనలో తనే మాట్లాడుకుంటూ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, సర్దడం మొదలుపెట్టింది.

వెనక ఠక్‌మని చప్పుడైంది. మంచం పట్టె మీద ఆఠాణ బిళ్ల. ఒక్క దెబ్బ.

ఆగు.

 కాక నన్నే చూస్తున్నాడు. ఈసారి కనుబొమలు బాగా కిందికి ఉన్నాయి. తప్పు చదివానని నాకు తెలిసిపోయింది. చెప్పాలి. నోరు తెరిచాను కూడా. చిన్నమ్మ ఆ చప్పుడు విననట్టే, వీపు మాకు పెట్టి, సంచిలో బట్టలు కుక్కుతూనే ఉంది. కాక ఆ వీపు వంక చూశాడు. బిళ్ల పట్టుకున్న చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. ఆమె ఆయన ఖాకీ చొక్కా దులిపి మడతపెట్టింది. దాన్ని సంచిలో అన్నింటికంటే పైన పెట్టింది.

ఠక్.

రెండో దెబ్బ. పోనీ.

పోయారు. వారాల తరబడి పట్నంలో ఉన్నారు. నేను వారానికోసారి పోయి కొట్లాట చదివి వచ్చేవాణ్ణి. గడ్డ కరిగింది. కాక సన్నబడి, నల్లబడి తిరిగొచ్చాడు, కానీ వచ్చాడు. ఆ తర్వాత కొన్నేండ్లు బతికాడు. మనవరాలి పెళ్లిలో తాను కండక్టరునన్నట్టు పందిట్లో జనాన్ని చేత్తోనే లోపలికి జరిపాడు. చిన్నమ్మతో చాలినంత కొట్లాడాడు.

నన్ను మాత్రం వదల్లేదు. ఆమె లేనప్పుడు డబ్బా తెరిచి, వేలితో నా డొక్కలో పొడిచి, అదే మాట చూపించేవాడు.

NUVU VINA ANAVU. NENU VINA ANA.

నువ్వు విన్న అన్నవు, నేను విన అన్న. ఆయన లెక్కలో రెండూ ఒకటే స్పెల్లింగు. చూసి చూసి ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం. ఆయన చప్పుడు లేకుండా, నేను ఇద్దరికీ సరిపడా. ఏమిటి నవ్వుతున్నరని చిన్నమ్మ అడిగితే, లండన్‌లో ఇంకా పడుకున్నరట చిన్నమ్మా అని చెప్పేవాణ్ణి.

తర్వాత నాకు నల్లగొండలో వేరే ఉద్యోగం దొరికింది. డబ్బా ఆయనకే వదిలేశాను. ఒక మనిషి ప్రాణం నా నాలుక మీద నిలబడిందన్న గొప్ప నా లోపల అట్లాగే ఉండిపోయింది. ఎవరికీ చెప్పకూడదనుకుని చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా నా పాత్ర కాస్త పెరిగేది. ఆఖరికి నేను కావాలనే, ముందుచూపుతో, ఒక నకారం ఎక్కువ పలికి ఆయన్ను బతికించినట్టు తయారైంది.

కాక పోయిన కబురు నాకు ఆలస్యంగా అందింది. నాలుగు రోజుల పనిమీద చిట్యాలలో ఉన్నాను. నేను షాద్‌నగర్ చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బిడ్డ మేకలను తోలుకుపోయిందట, కొట్టం ఖాళీ. చిన్నమ్మ నన్ను చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. గూట్లోంచి డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. కొన్ని బటన్ల మీద అక్షరాలు ఆయన గోటికి అరిగిపోయాయి. ఎన్ బటను మీద మాత్రం అక్షరం కాస్త మిగిలింది, ఆయన పొదుపుకు సాక్ష్యంగా.

“ఓ కొడుకా” అంది చిన్నమ్మ, కళ్లు తుడుచుకుని. “నువ్వు ఆ దినం తప్పు చదివినవు. ఎర్కేనా?”

చేతిలోని డబ్బాను టప్‌మని మూశాను.

“ఏ దినం చిన్నమ్మా?”

“పట్నం పోయిన దినం. ఆయన విన అన్నడు. నువ్వు విన్న అని చదివితివి.”

“నీకెట్ల తెలుసు? కాక చెప్పిండా?”

“ఆయనేం చెప్తడు. లగ్గమైనప్పటి సంది నా మాట ఒక్కటన్న విన్నడా ఆయన? నాకు అక్షరాలు రావు గని, మొగడు తెల్వదా?”

“మరి, సక్కగ చదువు అని నన్ను తిట్టలేదేం? ఉప్పు కాడ తిట్టేదానివి గదా!”

“తిడితె మళ్ల సక్కగ చదువుతవు. నీ తెలివి నాకెర్క లేదా?” అంది ఆమె. “గందుకే లేసి సంచి దించిన. ఆయనకు మళ్ల కొట్టేటందుకు సందు ఇయ్యొద్దని. ఒక్క దెబ్బ కొట్టిండు, విన్న. విననట్టే ఉన్న. రెండో దెబ్బ కొట్టేదాంక నా పానం పానంల లేదు కొడుకా. ఆ చొక్కను ఎన్నిసార్లు మడతపెట్టిన్నో.”

ఇన్నేళ్లుగా నేను ఊళ్లో పంచిన గొప్పంతా ఆ గుమ్మంలో కుప్పకూలింది. ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకు తెలియదు. నేను మాత్రం మధ్యలో నిలబడి రహస్యం మోస్తున్నాననుకుని ఉబ్బిపోయాను. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. ఎదురు మాట అనేవాడు లేని ఆ ఇంట్లో ఆమె నవ్వు చూస్తే ఏడుపు ఆగలేదు నాకు.

బస్సు వేళైందని లేచాను. వెళ్లొస్త చిన్నమ్మా అని చెప్పి గడప దాటబోతుంటే వెనక చప్పుడైంది.

ఠక్.

ఒక్కటే. నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. తిరిగి చూస్తే ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి ఉంది. వేళ్ల మధ్య ఆఠాణ బిళ్ల.

“తిన్నవా?” అంది.

పొద్దున చిట్యాలలో చాయ తాగి బస్సెక్కినవాణ్ణి, అంతే. ఈ పరిస్థితిలో ఆమెకు పని పెట్టడమెందుకనిపించింది.

“తిన్న చిన్నమ్మా.”

ఆమె నా ముఖం వంక ఒక్క క్షణం చూసింది.

“మళ్ల తప్పు చదువుతున్నవు” అని పీట వాల్చింది.